ఆన్‌లైన్‌లో రాసే మీరు పుస్తకం తేవాలంటే: సొంతంగానా, ప్రచురణ సంస్థతోనా?

మీ సీరియల్ ప్రతిలిపి యాప్‌లో డెబ్భై ఎనభై భాగాలు దాటింది. లేదా ఫేస్‌బుక్‌లో వారం వారం పెట్టే కథల కోసం ఎదురుచూసే పాఠకులు ఏర్పడ్డారు. ఎవరో ఒకరు "ఇది పుస్తకంగా ఎప్పుడొస్తుందండీ?" అని అడిగితే, ఆ కామెంట్ కింద పదిమంది "మాకూ కావాలి" అని చేరారు. ఆ రోజు నుంచి మీకు టెన్షన్ మొదలవుతుంది. ఏదైనా ప్రచురణ సంస్థకు పంపాలా, మనమే డబ్బు పెట్టి వేసుకోవాలా?

సొంత ఖర్చుతో పుస్తకం వేసుకోవడం తెలుగులో చిన్నతనమేమీ కాదు. పాత కవిత్వ సంపుటాలు, కథల పుస్తకాలు తిరగేయండి. "ప్రతులకు" అన్న చోట రచయిత ఇంటి చిరునామానే కనిపించేవి బోలెడు. అలాగే సంస్థ వేసినంత మాత్రాన పుస్తకం జనంలోకి వెళ్తుందన్న హామీ కూడా లేదు. కాబట్టి పరువు సంగతి పక్కన పెట్టి, పని సంగతి చూడండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటి ముద్రణలో ఏ దారిన వెళ్లినా పెద్దగా డబ్బు మిగలదు. రచయిత దగ్గర మిగలాల్సినవి రెండు: పుస్తకం కొన్న పాఠకుల వివరాలు, రెండో ముద్రణ వేసుకునే హక్కు. కింద చెప్పే పనులన్నీ ఆ రెండిటినీ కాపాడుకోవడం కోసమే.

1. కొనేవాళ్లు ఎంతమందో ముందు తేల్చుకోండి

ఫోన్‌లో ఉచితంగా చదివేవాళ్లు, కామెంట్ పెట్టేవాళ్లు, డబ్బు కట్టి పుస్తకం తెప్పించుకునేవాళ్లు, ఈ ముగ్గురూ వేరు. లక్ష రీడ్స్ ఉన్నాయి కదా, అందులో ఒక్క శాతం కొన్నా వెయ్యి ప్రతులు పోతాయని లెక్కలు వేయకండి. ఆ రీడ్స్‌లో ఒకే మనిషి చదివిన ఎనభై భాగాలు ఎనభై సార్లు లెక్కకొచ్చి ఉంటాయి.

ఒక చిన్న గూగుల్ ఫారం తయారు చేయండి. అందులో పుస్తకం పేరు, సుమారు పేజీలు, సుమారు ధర రాయండి. పేరు, ఊరు, పిన్‌కోడ్‌తో సహా పూర్తి చిరునామా అడగండి. ధర చూసి కూడా చిరునామా నింపినవాళ్లు నిజంగా కొనే ఆలోచన ఉన్నవాళ్లు. ఈ దశలో డబ్బు తీసుకోవద్దు. పుస్తకం ఎప్పటికి చేతికొస్తుందో మీకే తెలియనప్పుడు ఇంకొకరి డబ్బు మీ దగ్గర ఉండకూడదు. ఫారం రెండు మూడు వారాలు తెరిచి ఉంచి, రెండుమూడు సార్లు గుర్తు చేయండి, అంతే. మీ దగ్గర చేరిన చిరునామాలను పుస్తకం పని తప్ప మరి దేనికీ వాడకండి, ఎవరికీ ఇవ్వకండి.

అదే సమయంలో ఇంకో పని. మీ రచన ఉన్న యాప్‌లో పోటీకి పంపినప్పుడో, డబ్బు చెల్లించి చదివే విభాగంలో పెట్టినప్పుడో మీరు ఏ షరతులకు ఒప్పుకున్నారో తీసి చదవండి. కాపీరైట్ మీదే అయినా, ఫలానా కాలం వరకు ఇంకెక్కడా ప్రచురించనని, లేదా ఆడియో హక్కు వాళ్లకిచ్చానని ఒప్పుకుని ఉండవచ్చు. ఆ కాగితం చూడకుండా ప్రచురణ సంస్థ గడప తొక్కవద్దు. రేపు రెండు ఒప్పందాలూ ఢీకొంటే మధ్యలో నలిగేది మీరే.

2. సీరియల్‌ను పుస్తకం చేయండి

ఆన్‌లైన్ రచయితలు ఎక్కువగా తొందరపడేది ఇక్కడే. భాగాలన్నీ వరసగా ఒక ఫైల్లో అతికించి ప్రెస్‌కు ఇచ్చేస్తారు. పాఠకుడు డబ్బు పెట్టి కొన్న పుస్తకంలో "జరిగిన కథ" అంటూ మళ్లీ మళ్లీ వచ్చే పేరాలు, ప్రతి నాలుగు పేజీలకూ ఒక ఉత్కంఠ, భాగం చివర "మీ అభిప్రాయం తెలపండి" అన్న వాక్యం కనిపిస్తే వాళ్ల నమ్మకం పోతుంది. ఆ నమ్మకం మీ రెండో పుస్తకానికి పెట్టుబడి, పోగొట్టుకోవద్దు.

ముందు పొడవు చూడండి. డెమీ సైజులో (సుమారు ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు) పేజీకి 230 తెలుగు మాటలు పడతాయనుకుంటే, లక్ష మాటల సీరియల్ 430 పేజీలు దాటుతుంది. అంత పుస్తకానికి ధర పెరుగుతుంది, పోస్టు ఖర్చూ పెరుగుతుంది. మొదటి పుస్తకానికి 160 నుంచి 240 పేజీల మధ్య ఉంటే కొనేవాళ్లకూ, వేసేవాళ్లకూ తేలిక. అంటే చాలా సీరియళ్లు సగానికి తగ్గాలి. కష్టంగా ఉంటుంది గానీ చేయండి. భాగం పూర్తి చేయడం కోసమే రాసిన సన్నివేశాలు, పాఠకులు అడిగారని మధ్యలో పెంచిన పాత్రలు, అప్పటికే చెప్పిన సంగతినే తిరిగి చెప్పే సంభాషణలు ముందు తీసేయండి. పాత్రల వయసులు, ఊళ్ల పేర్లు, చుట్టరికాలు ఒక కాగితం మీద రాసుకుని మొదటి నుంచి చివరి వరకు సరిపోల్చండి. ఏడాది పాటు రాసిన సీరియల్‌లో పదో భాగంలోని మేనత్త అరవయ్యో భాగానికి పిన్ని అయిపోవడం మామూలే.

తర్వాత మీకు బంధువు కాని, మీ అభిమాని కాని ఇద్దరిచేత చదివించండి. ఒకరు సాహిత్యం బాగా చదివినవారు, ఇంకొకరు మామూలు పాఠకులు అయితే మంచిది. ఎక్కడ ఆపేశారో, ఎక్కడ పేజీలు తిప్పేశారో చెప్పమనండి. సలహాలకంటే ఆ సమాచారం ఎక్కువ ఉపయోగం.

సంస్థకు పంపినా, సొంతంగా వేసినా ఈ పని తప్పదు. తెలుగులో చాలా సంస్థలకు జీతమిచ్చి పెట్టుకున్న ఎడిటర్లు లేరు. బాగున్న రాతప్రతి అందితేనే వాళ్లు ముందుకు కదులుతారు.

3. కాగితం మీద లెక్క వేయండి

ధరలు ఊరినిబట్టి, కాగితాన్నిబట్టి మారతాయి. కనీసం మూడు ప్రెస్‌ల దగ్గర కొటేషన్ తీసుకోండి. లెక్క వేసే పద్ధతి అర్థం కావడానికి మాత్రం కొన్ని అంకెలు అనుకుందాం.

160 పేజీల పుస్తకం, 500 ప్రతులు. కాగితం, ముద్రణ, బైండింగ్ కలిపి 40,000 రూపాయలు. డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చడం) 6,000, ప్రూఫ్ రీడింగ్ (అచ్చుతప్పులు దిద్దడం) 6,000, కవర్ డిజైన్ 5,000. మొత్తం 57,000. పుస్తకం ధర 180 రూపాయలు.

వీటిలో 40 ప్రతులు సమీక్షలకు, లైబ్రరీలకు, ముందుమాట రాసినవారికి, సాయం చేసినవారికి పోతాయి. 260 ప్రతులు మీరే నేరుగా అమ్మారు, పోస్టు ఖర్చు కొన్నవారి దగ్గరే తీసుకున్నారు. 46,800 వస్తుంది. 150 ప్రతులు షాపుల ద్వారా 40 శాతం కమిషన్ మీద అమ్ముడయ్యాయి. ప్రతికి 108 చొప్పున 16,200. రెండూ కలిపి 63,000. యాభై ప్రతులు ఇంట్లో మిగిలాయి. ఆరు నెలల తిరుగుడుకు మిగిలింది 6,000 రూపాయలు.

అదే పుస్తకం సంస్థ వేసి 450 ప్రతులు అమ్మి, ధర మీద 10 శాతం రాయల్టీ ఇచ్చిందనుకుందాం. ప్రతికి 18 రూపాయల చొప్పున మీకు 8,100. పైసా పెట్టుబడి లేదు, కట్టలు మోసే పని లేదు.

అంటే సొంతంగా వేసుకుంటే లాభమంతా మనదే అన్న మాట మొదటి ముద్రణకు వర్తించదు. ఇక్కడ చూడాల్సిన అంకె ఇంకొకటి ఉంది. 57,000ని 180తో భాగించండి. 317 వస్తుంది. షాపుల సాయం లేకుండా, మీ నుంచి నేరుగా కొనేవాళ్లు 317 మంది ఉంటేనే పెట్టుబడి తిరిగొస్తుంది. మొదటి మెట్టులో మీరు నింపించిన ఫారంలో 400 చిరునామాలు ఉంటే ధైర్యంగా సొంతంగా వేయండి. 60 ఉంటే సంస్థల తలుపు తట్టండి, లేదా డిజిటల్ ప్రింట్‌లో వంద ప్రతులతో ఆగండి. మధ్యలో ఉంటే మాత్రం మీ ఓపికను బట్టి నిర్ణయించుకోవాలి.

ఇప్పుడు రెండో ముద్రణ చూడండి. డీటీపీ, ప్రూఫ్, కవర్ ఖర్చు 17,000 ఇక లేదు. 40,000కే మరో 500 ప్రతులు. మొదటిసారి లాగే అమ్ముడైతే 23,000 మిగులుతుంది. పుస్తకానికి అసలు సంపాదన ఇక్కడ మొదలవుతుంది. అందుకే రెండో ముద్రణ హక్కు ఎవరిదన్న ప్రశ్న, రాయల్టీ ఎంత శాతమన్న ప్రశ్నకంటే పెద్దది.

4. సంస్థకు పంపాలనుకుంటే

ప్రతి సంస్థకూ ఒక అభిరుచి ఉంటుంది. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ అనువాదాలకు, సామాజిక అంశాలకు పేరు. విశాలాంధ్ర, ఎమెస్కో వంటివి దశాబ్దాలుగా రకరకాల పుస్తకాలు వేస్తున్నాయి. తర్వాత వచ్చిన అన్వీక్షికి, ఛాయ వంటివి కొత్త రచయితల కథలు, నవలలు బాగానే తెచ్చాయి. మీ రచన లాంటి పుస్తకాలు ఎవరు వేశారో షాపుకెళ్లి చేత్తో పట్టుకుని చూడండి. కాగితం, అచ్చుతప్పులు, కవర్ ఎలా ఉన్నాయో గమనించండి. వీలైతే వాళ్ల దగ్గర పుస్తకం వేసుకున్న ఇద్దరు రచయితలతో మాట్లాడి, రాయల్టీ లెక్కలు సకాలంలో వస్తున్నాయా అని అడగండి. మంచి సంస్థకు ఈ ప్రశ్న ఇబ్బందేమీ కాదు.

పంపేటప్పుడు నాలుగు వందల పేజీల పీడీఎఫ్ వాట్సాప్‌లో పెట్టి "చదివి చెప్పండి సార్" అనవద్దు. ఒక పేజీలో మీ పరిచయం, ఇంకో పేజీలో ముగింపుతో సహా కథాసారం, మొదటి మూడు అధ్యాయాలు, ఇవి చాలు. ఆన్‌లైన్‌లో ఎక్కడ వచ్చింది, ఎంతకాలం వచ్చింది, కొంటామని ఫారం నింపినవాళ్లు ఎంతమంది అన్నది తప్పకుండా రాయండి. రీడ్స్ కంటే ఆ అంకె ప్రచురణకర్తకు బాగా అర్థమవుతుంది. మూడు నెలలు ఆగి ఒకసారి మర్యాదగా గుర్తు చేయండి. జవాబు రాకపోతే ఇంకో సంస్థకు పంపండి.

డబ్బు కట్టమనేవాళ్ల గురించి విడిగా చెప్పాలి. "మీ రచన ఎంపికైంది" అని మెసేజ్ పెట్టి, తర్వాత ప్యాకేజీల పట్టిక పంపేవాళ్లు ప్రచురణకర్తలు కారు, సేవలు అమ్మేవాళ్లు. సేవ కొనుక్కోవడంలో తప్పులేదు. కానీ డబ్బు మీరు పెడుతున్నప్పుడు హక్కులు, ప్రతులు, ఫైళ్లు అన్నీ మీవే కావాలి. ఎన్ని ప్రతులు వేస్తారు, అవి ఎవరి దగ్గర ఉంటాయి, ఏ కాగితం, ఎన్నిసార్లు ప్రూఫ్ చూస్తారు అన్నవి రాతపూర్వకంగా అడగండి. "70 శాతం రాయల్టీ" అంటే దేని మీద 70 శాతం? ధర మీదా, ఖర్చులు పోగా మిగిలిన దాని మీదా? ఈ ఒక్క ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పనివాళ్లతో పని పెట్టుకోకండి.

5. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు

తెలుగులో చాలా పుస్తకాలు నోటి మాట మీదే వస్తున్నాయి. స్నేహం బాగున్నన్నాళ్లూ బాగానే ఉంటుంది. ప్రచురణకర్త మారినా, కాలం చేసినా, మీ కథకు సినిమా వాళ్ల నుంచి ఫోన్ వచ్చినా అప్పుడు కాగితం కావాలి. రెండు పేజీలదైనా సరే, రాసుకోండి.

1957 కాపీరైట్ చట్టం రచయిత పక్షాన చాలా మాటలు చెప్పింది. రాసిన క్షణం నుంచే హక్కు మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మీ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు అది నిలుస్తుంది. హక్కు ఇంకొకరికి బదిలీ కావాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లకే అనుకోవాలి. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే అనుకోవాలి. హక్కు తీసుకున్నవారు ఏడాదిలోగా దాన్ని వాడకపోతే, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, ఆ బదిలీ రద్దయిపోతుంది. హక్కు అమ్మేసినా సరే, ఆ రచన మీదేనని చెప్పుకునే హక్కు, దాన్ని పాడుచేసి మీ పరువు తీస్తే అభ్యంతరపెట్టే హక్కు మీ దగ్గరే ఉంటాయి.

ఈ రక్షణలు ఒప్పందంలో ఒక్క వాక్యంతో నీరుగారిపోవచ్చు. "సర్వహక్కులూ శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా ప్రచురణకర్తవే" అన్న వాక్యం కనిపిస్తే కలం కింద పెట్టేయండి. దాని బదులు ఇలా అడగండి: "తెలుగు ముద్రిత ప్రతి ప్రచురణకు మాత్రమే, మూడేళ్ల కాలానికి, 1000 ప్రతుల వరకు." ఈబుక్, ఆడియో, అనువాదం, సినిమా, వెబ్ సిరీస్ హక్కులు రచయితవేనని విడిగా ఒక వాక్యం రాయించండి. తెలుగులో పుస్తకం వేసే చాలా సంస్థలు ఆడియో చేయవు, సినిమా తీయవు. వాళ్లు వాడని హక్కు వాళ్ల దగ్గర ఉండి ఎవరికీ ఉపయోగం లేదు. ఈ మాట కోపం లేకుండా చెబితే ఎక్కువమంది ఒప్పుకుంటారు.

ఇంకో నాలుగు సంగతులు కాగితం మీదకు రావాలి. రాయల్టీ ధర మీదా, వచ్చిన డబ్బు మీదా అన్నది, ఏ నెలలో లెక్క చెబుతారన్నది. ఎన్ని ప్రతులు ముద్రించారో మీకు తెలిపే బాధ్యత. మీకిచ్చే ఉచిత ప్రతులు, ఆపైన మీరు కొనుక్కుంటే ఇచ్చే తగ్గింపు. అన్నిటికంటే ముఖ్యం, ప్రతులు అయిపోయాక ఆరు నెలల్లో తిరిగి ముద్రించకపోతే హక్కు మీకు వెనక్కి వచ్చేస్తుందన్న షరతు. ఈ చివరిది లేకపోవడం వల్ల మార్కెట్లో దొరక్కుండా పోయిన మంచి పుస్తకాలు తెలుగులో ఎన్నో ఉన్నాయి. పాఠకులు అడుగుతూనే ఉంటారు, సంస్థ వేయదు, రచయిత వేయలేరు. మీ పుస్తకానికి ఆ గతి పట్టనివ్వకండి.

ఆన్‌లైన్‌లో ఉన్న భాగాలన్నీ తీసేయమని సంస్థ అడగవచ్చు. అడగడం న్యాయమే. మొదటి ఐదారు భాగాలు ఉంచుతానని, వాటి చివర పుస్తకం వివరాలు పెడతానని చెప్పండి. అమ్మకానికి కూడా అదే మంచిది.

6. సొంతంగా వేస్తుంటే: ఫాంటు, ప్రూఫులు, ప్రెస్

మీరు ఫోన్‌లోనో, ల్యాప్‌టాప్‌లోనో యూనికోడ్‌లో, అంటే ఏ ఫోన్‌లోనైనా కనిపించే ప్రామాణిక అక్షరాల పద్ధతిలో, రాశారు. చాలామంది డీటీపీ వాళ్లు ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ కాని అను ఫాంట్లతో పని చేస్తున్నారు. యూనికోడ్ నుంచి అనులోకి మార్చేటప్పుడు తప్పులు దొర్లుతాయి. "సాఫ్ట్‌వేర్" కాస్తా "సాఫ్ట్వేర్" అవుతుంది, కొన్ని వత్తులు జారిపోతాయి, కొటేషన్ గుర్తులు వింత అక్షరాలవుతాయి. అంటే మీరు సరిగ్గా రాసిచ్చిన చోట కూడా కొత్త తప్పులు పుడతాయి. అందుకని మార్చిన తర్వాతి ప్రతినే ప్రూఫ్ చూడాలి, ముందు చూసింది లెక్కలోకి రాదు.

వీలైతే ఇన్‌డిజైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో నేరుగా యూనికోడ్‌తో పేజీలు పెట్టేవారిని వెతకండి. మండలి, రామరాజ, సూరన్న, ఎన్టీఆర్ లాంటి ఫాంట్లు ఉచితంగా, పుస్తకాలకు వాడుకునే అనుమతితోనే దొరుకుతున్నాయి. లోపలి పేజీలకు మండలి లాంటిది కళ్లకు హాయిగా ఉంటుంది. యూనికోడ్‌లోనే పని జరిగితే రేపు ఈబుక్ చేయడానికి మళ్లీ టైపు చేయించక్కర్లేదు. పని అయ్యాక ప్రింట్ పీడీఎఫ్‌తో పాటు అసలు ఫైలు కూడా ఇవ్వాలని డీటీపీ వారితో ముందే మాట్లాడుకోండి. రెండో ముద్రణలో తప్పులు దిద్దాలంటే అదే కావాలి.

ప్రూఫులు కనీసం రెండుసార్లు, కాగితం మీద. ఒకసారి మీరు, ఒకసారి డబ్బిచ్చి పెట్టుకున్న ప్రూఫ్ రీడర్. తెలుగు బాగా వచ్చిన విశ్రాంత ఉపాధ్యాయులు, పత్రికల్లో పనిచేసి వచ్చినవారు ఈ పని శ్రద్ధగా చేస్తారు. స్నేహం కొద్దీ ఉచితంగా అడగవద్దు, డబ్బివ్వండి. అచ్చుతప్పులు లేని తెలుగు పుస్తకం దొరకడమే కష్టమైపోయిన రోజుల్లో, ఈ ఒక్క ఖర్చు మీ పుస్తకాన్ని నలుగురిలో నిలబెడుతుంది. కవర్ ఖర్చు తగ్గించుకోవచ్చు, ఆవిష్కరణ సభ మానుకోవచ్చు, ప్రూఫ్ రీడర్‌ను మాత్రం మానుకోకూడదు.

ప్రెస్‌తో మాట్లాడేటప్పుడు: డెమీ సైజు, 70 లేదా 80 జీఎస్‌ఎం (కాగితం మందాన్ని చెప్పే బరువు కొలత) "మ్యాప్‌లితో" రకం కాగితం, కవర్‌కు 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు, మెరుపు లేని మ్యాట్ లామినేషన్. పేజీలు ఫారాల లెక్కన, అంటే పదహారు పేజీల చొప్పున వస్తాయి. 163 పేజీలైతే 160కి కుదించండి, లేకపోతే మిగతా పేజీల కాగితానికీ మీరే ఇచ్చుకోవాలి. 300 పేజీలు దాటితే జిగురుతో అతికించే పర్ఫెక్ట్ బైండింగ్‌కు బదులు కుట్టు బైండింగ్ అడగండి, పేజీలు ఊడవు. వంద, రెండు వందల ప్రతులకు డిజిటల్, 500 ఆపైన ఆఫ్‌సెట్ (ప్లేట్లు చేసి అచ్చువేసే పద్ధతి) సాధారణంగా గిట్టుబాటు. ముద్రిత పుస్తకం అమ్మకంపై జీఎస్టీ లేదు గానీ ప్రెస్ బిల్లులో పన్ను ఉండొచ్చు. కొటేషన్ పన్నుతో కలిపా, విడిగానా అడగండి. మొత్తం అచ్చు మొదలుపెట్టే ముందు ఒక్క నమూనా ప్రతి చేయించి, ప్రతి పేజీ తిప్పి చూడండి.

ప్రతులు నిల్వ పెట్టే వీల్లేనివారికి, విదేశాల్లో ఉన్నవారికి ఆర్డరు వచ్చినప్పుడే ముద్రించి పంపే పద్ధతి ఉంది. బెంగళూరు పోతీ డాట్ కామ్, చెన్నై నోషన్ ప్రెస్ ఇలాంటి సేవ ఇస్తున్నాయి. ప్రతి ఖరీదు ఎక్కువ పడుతుంది. తెలుగు అక్షరాలు సరిగ్గా వస్తున్నాయో లేదో ఒక ప్రతి తెప్పించుకుని చూశాకే అందరికీ ప్రకటించండి.

7. ఐఎస్‌బీఎన్, లైబ్రరీ ప్రతులు

మన దేశంలో ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబరు, ఉచితం. కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీ ఆన్‌లైన్‌లో ఇస్తుంది. సొంతంగా పుస్తకం వేసుకునే రచయితలు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. సమయం పడుతుంది కాబట్టి ప్రూఫులు నడుస్తుండగానే దరఖాస్తు పెట్టండి. దీనికోసం ఏజెంటుకు వేలు ఇవ్వకండి. ఈ నంబరుకు కాపీరైట్‌తో సంబంధం లేదు. ముద్రిత ప్రతికి ఒకటి, ఈబుక్‌కు వేరొకటి కావాలి.

సొంతంగా వేసినప్పుడు చట్టం దృష్టిలో ప్రచురణకర్త మీరే. 1954 నాటి డెలివరీ ఆఫ్ బుక్స్ చట్టం (గ్రంథాలయాలకు ప్రతులు అందజేసే చట్టం) ప్రకారం పుస్తకం వెలువడిన 30 రోజుల్లోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా, ముంబై సెంట్రల్ లైబ్రరీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీలకు ఒక్కో ప్రతి మీ ఖర్చుతో పంపాలి. నాలుగు ప్రతులే కదా అని వదిలేయకండి. యాభై ఏళ్ల తర్వాత మీ పుస్తకం కోసం ఎవరైనా వెతికితే దొరికే చోటు అదే కావచ్చు.

8. అమ్మకం

ఫారం నింపినవారికి మొదట చెప్పండి. ఇప్పుడు డబ్బు తీసుకోవచ్చు, ప్రెస్ తేదీ ఖాయమైంది కాబట్టి. యూపీఐ ద్వారా డబ్బు, ఒక ఎక్సెల్ షీట్‌లో పేరు, చిరునామా, పంపిన తేదీ, ట్రాకింగ్ నంబరు. ఆలస్యమైతే వాళ్లు అడగకముందే మీరే చెప్పండి.

పంపడానికి తపాలా శాఖ 2025 మేలో మొదలుపెట్టిన జ్ఞాన్ పోస్ట్ పుస్తకాలకు చౌక. మొదలుపెట్టినప్పుడు 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు 100 రూపాయలు, పన్ను అదనం. ట్రాకింగ్ ఉంటుంది గానీ రోడ్డు, రైలు మీద వెళ్తుంది కాబట్టి కాస్త నిదానం. పుస్తకం మీద ప్రచురణకర్త పేరో ప్రింటర్ పేరో అచ్చయి ఉండాలి. కాపీరైట్ పేజీలో అది మర్చిపోకండి. ప్రతికి పలుచని ప్లాస్టిక్ కవరు, పైన గట్టి అట్ట తప్పనిసరి, వానల్లో తడిసిన పుస్తకం తిరిగొస్తే రెండింతల ఖర్చు.

షాపులకు, డిస్ట్రిబ్యూటర్లకు కమిషన్ 40 శాతం, ఒక్కోచోట 50 వరకు అడుగుతారు. డబ్బు అమ్ముడయ్యాకే ఇస్తారు. మొదటిసారి అన్ని ప్రతులూ ఒకరి దగ్గరే పెట్టకండి. ముగ్గురికి ఇరవై చొప్పున ఇచ్చి, చేతి రసీదు తీసుకుని, మూడు నెలలకోసారి లెక్క అడగండి. ఎవరు సకాలంలో చెబితే వాళ్లకు మరిన్ని. ఆన్‌లైన్ పుస్తకాల షాపుల్లో, అమెజాన్‌లో కూడా ఉంచండి. అక్కడ మీకు మిగిలేది తక్కువే, అయినా కొత్త పాఠకులు దొరుకుతారు.

హైదరాబాద్ బుక్ ఫెయిర్ సాధారణంగా డిసెంబరులో, విజయవాడ పుస్తక మహోత్సవం జనవరిలో జరుగుతాయి. ఈ రెండిటికీ అందాలంటే నవంబరుకల్లా పుస్తకం చేతిలో ఉండాలి. అక్టోబరులోనే ప్రెస్‌కు ఫైలు వెళ్లాలి. ఆ తర్వాత క్యాలెండర్లు, డైరీలు, అందరి పుస్తకాలూ ఒకేసారి వచ్చి పడతాయి. సొంత స్టాల్ అద్దె ఒక్క పుస్తకానికి గిట్టదు. నలుగురైదుగురు రచయితలు కలిసి తీసుకోండి, లేదా తెలిసిన సంస్థ స్టాల్‌లో ప్రతులు ఉంచమని అడగండి.

ఈబుక్ సంగతి. 2016లో అమెజాన్ ఈబుక్ వేదిక కిండిల్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళాలకు తలుపు తెరిచినప్పుడు తెలుగు ఆ జాబితాలో లేదు. అందుకే మనవాళ్లు వేరే వేదికల మీదే ఎక్కువ ఆధారపడ్డారు. ఏ వేదికైనా సరే, ఈ రోజు అది తెలుగును అధికారికంగా తీసుకుంటోందో లేదో చూసి, ఇంకెక్కడా పెట్టకూడదన్న ప్రత్యేక హక్కు అడుగుతోందేమో చదివి, అప్పుడు పెట్టండి. ముద్రిత ప్రతులు సగం అమ్ముడయ్యాక ఈబుక్ తెస్తే రెండూ దెబ్బతినవు.

అమ్మకాలు నడుస్తున్నప్పుడు పాఠకులు చెప్పిన అచ్చుతప్పులన్నీ పేజీ నంబర్లతో ఒక ప్రతిలో ఎర్ర సిరాతో గుర్తుపెట్టుకోండి. డెబ్భై ఎనభై ప్రతులు మిగిలి ఉండగానే ఆ తప్పులు ఫైల్లో దిద్దించి, మళ్లీ మూడు కొటేషన్లు తెప్పించుకోండి. ఏ సంస్థ అయినా మీ దగ్గరకు వచ్చి రెండో ముద్రణ మేం వేస్తామంటే, ఎన్ని ప్రతులు ఎన్ని నెలల్లో పోయాయో చూపించే ఎక్సెల్ షీట్ ముందు పెట్టి, అప్పుడు షరతులు మాట్లాడండి.